కొటేషన్‌లో కొట్టేసిన లైను

"ఏమప్పా, ఆదివారం ఖాళీనా? ఎస్పీ రోడ్డుకు పోయి రావాల. ఆ అంగడాయప్ప మనల్ని మోసం చేసినాడు."

పోయిన ఏడాది మే నెలలో మా బావ మడకశిర నుంచి చేసిన ఫోన్ ఇది. అంతకు మూడు వారాల ముందు ఆయనా, మా మేనల్లుడూ బెంగళూరు వచ్చి సదర్ పత్రప్ప రోడ్డులో ఒక పూటంతా తిరిగి, అట్టపెట్టెలు మోసుకుని హిందూపురం బస్సెక్కారు. ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ, క్యాబినెట్, ఎవరో వాడి అమ్మేసిన గ్రాఫిక్స్ కార్డు. మానిటర్‌తో కలిపి 62,000. రెండు పంటల పట్టుగూళ్లు అమ్మగా మిగిలింది దాదాపు అంతే. వాడు ఇంటర్ పూర్తి చేసి ఇంజనీరింగ్‌కు సిద్ధమవుతున్నాడు. మంచం మీద దుప్పటి పరిచి, వీడియోలు చూసుకుంటూ, తనే అన్నీ బిగించుకున్నాడు. మొదటిసారికే స్క్రీన్ వెలిగింది. ఆ ఫోటో నాకూ వచ్చింది.

ఆ తర్వాత వచ్చినవన్నీ కష్టాల మెసేజ్‌లే. "మామా, జీటీఏ ఫైవ్ ల్యాగ్ అవుతోంది." "మామా, ఫార్మాట్ చేసినా, అయినా ల్యాగే." మూడుసార్లు ఫార్మాట్ చేశాడు. కొడుకు ముఖం చూసి తండ్రికి అర్థమైందల్లా ఒక్కటే, అంగట్లో పాత సరుకు అంటగట్టారని. బావకు అంతకంటే వేరే వివరణ అక్కర్లేదు.

నాకు మాత్రం వెంటనే "సరే, పోదాం పా" అనడానికి నోరు రాలేదు. 2003లో ఇలాంటి ఫిర్యాదుతోనే మా నాయన హిందూపురంలో ఒక మనిషిని నాలుగు మాటలన్నాడు. ఆ పూట నేను ఆయన పక్కనే ఉన్నాను. దాని సంగతి తర్వాత చెప్తాను.

*

ముందు ఆ "ల్యాగ్" అనే మాటతో మొదలుపెట్టాలి. నా చిన్నప్పుడు కంప్యూటర్‌కు వచ్చే జబ్బులన్నిటికీ మా దగ్గర ఒకటే పేరుండేది, "హ్యాంగ్ అయింది". తర్వాత "స్లో అయింది" వచ్చింది. ఇప్పటి పిల్లలకు అన్నీ ల్యాగే. నిజానికి ల్యాగ్ అంటే ఆన్‌లైన్ ఆటలో మన నొక్కుడు సర్వర్‌కు చేరి తిరిగొచ్చే ఆలస్యం. అది ఇంటర్నెట్ జబ్బు. సెకనుకు రావాల్సినన్ని బొమ్మలు రాకపోవడం వేరే జబ్బు. బొమ్మలు సగటున సరిపడానే వస్తూ, మధ్యమధ్యలో ఒక్కటి మాత్రం ఆగి రావడం ఇంకో జబ్బు. సెకనుకు 60 బొమ్మలంటే ఒక్కో బొమ్మకు 16.7 మిల్లీసెకన్లు. యాభై తొమ్మిది సకాలంలో వచ్చి, ఒక్కటి పావు సెకను ఆలస్యమైతే, సగటు బాగానే ఉంటుంది, కన్ను మాత్రం ఒప్పుకోదు. ఈ మూడింటిలో ఏది అన్నది తేలకుండా మందు వెయ్యడం అంటే జ్వరం అనగానే అందరికీ ఒకే సూది పొడవడం.

ఇంకో మాట కూడా మనల్ని తప్పుదారి పట్టించింది. మనం డబ్బా మొత్తాన్నీ "సీపీయూ" అంటాం. సీపీయూ అంటే లోపల అగ్గిపెట్టెకంటే చిన్నగా ఉండే ఒక్క చిప్పు. డబ్బా అంతటికీ దాని పేరే పెట్టేశాక, ఆట నెమ్మదిగా నడిస్తే తప్పంతా దానిదే అనిపించడం సహజం. "సీపీయూ పాతది అంటగట్టినాడు" అని బావ అన్నప్పుడు ఆయన ఉద్దేశం డబ్బానో, చిప్పో ఆయనకే తెలీదు.

సరే, ఫోన్‌లోనే మొదలుపెట్టాం. మానిటర్ కేబుల్ ఎక్కడ గుచ్చావు? చాలామంది సొంతంగా బిగించుకున్నప్పుడు గ్రాఫిక్స్ కార్డు కొని, కేబుల్ మాత్రం మదర్‌బోర్డుకు గుచ్చుతారు. వేలకు వేలు పోసిన కార్డు ఊరికే కూర్చుని చూస్తూ ఉంటుంది. మావాడు సరైన చోటే గుచ్చాడు. ర్యామ్? ఒకటే కడ్డీ. రెండుంటే చిప్పుకూ ర్యామ్‌కూ మధ్య దారి వెడల్పు రెట్టింపవుతుంది. పైగా దాని మీద 3200 అని రాసి ఉంది కానీ నడిచేది 2400 దగ్గర. ఇది అంగడాయన మోసం కాదు. బోర్డు ముందు జాగ్రత్తగా తక్కువ వేగంలోనే మొదలుపెడుతుంది, పెట్టె మీద రాసిన వేగం కావాలంటే బయోస్‌లోకి వెళ్లి ఎక్స్ఎంపీ అనే అమరికను మనమే ఆన్ చెయ్యాలి. 2007 నుంచీ ఉన్న ఏర్పాటు. ఇన్నేళ్లయినా కొన్నవాళ్లలో సగం మందికి ఎవరూ చెప్పరు.

బావ వాదన వేరు. కరెంటు అన్నాడాయన. "సాయంత్రం అయితే మోటర్లన్నీ ఆన్ అవుతాయి, లోవోల్టేజీ. ఫ్యాన్ కూడా తిరగదు సక్కంగా." మడకశిర మనిషి ఏ జబ్బుకైనా ముందు అనుమానించేది కరెంటునే, అందులో తప్పేమీ లేదు. (పొరుగునే పావగడలో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. అదలా ఉంచండి.) కానీ కరెంటు తగ్గితే కంప్యూటర్ నెమ్మదించదు, ఆగిపోతుంది. మంచి ఎస్ఎంపీఎస్‌లు 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటాయి. అంతకంటే కిందికి పోతే ఒక్కసారిగా చీకటి. మావాడి డబ్బా ఒక్కసారి కూడా ఆరిపోలేదు. కరెంటును విడిచిపెట్టాం.

ఒక సాయంత్రం వాడు లోపల కేబుళ్లు నాకు వీడియో కాల్‌లో చూపించడానికి డబ్బాను బయటికి లాగి మంచం మీద పెట్టాడు. అదే పూట ఎక్స్ఎంపీ ఆన్ చేయించాను. ఆట అరగంట ఆడాడు. ఎక్కడా ఆగలేదు. "అయిపాయ మామా, అంతా ర్యామ్‌దే!" అన్నాడు. నేనూ నమ్మాను. మర్నాడు పొద్దున మళ్లీ మెసేజ్. పది నిమిషాలకు 60 నుంచి 22కు పడిపోయింది.

ఇద్దరం చేసిన తప్పు ఒక్కటే. ఒకే సాయంత్రం రెండు మార్పులు చేశాం, ఒకటి మాత్రమే చేశామనుకున్నాం.

*

బావ వెళ్లి కొట్లాడదామన్న ఎస్పీ రోడ్డు కథ కొంత చెప్పాలి. ఎందుకంటే మడకశిర, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు ఇళ్లలోకి కంప్యూటర్లు వచ్చిన దారి అదే. పేరుకు మాది ఆంధ్రప్రదేశ్. హైదరాబాద్‌లో హైటెక్ సిటీని 1998 నవంబర్‌లో వాజ్‌పేయి ప్రారంభించినప్పుడు పేపర్లో ఆ గుండ్రటి భవనం ఫోటో మేమూ చూశాం. కానీ హైదరాబాద్ మాకు నాలుగు వందల కిలోమీటర్ల పైమాటే. సికింద్రాబాద్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ అనేది ఒకటుందనీ, తెలుగువాళ్ల అసెంబుల్డ్ కంప్యూటర్లన్నీ అక్కడ పుడతాయనీ నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మావి బెంగళూరులో పుట్టేవి. హిందూపురం నుంచి వంద కిలోమీటర్ల చిల్లర. మూడు వైపులా కర్ణాటక ఉన్న తాలూకా మాది. పెళ్లి బట్టలకూ, పెద్ద జబ్బులకూ, పంపు సామాన్లకూ బెంగళూరే. ఎస్పీ రోడ్డు కూడా పంపులూ మోటర్లూ ఇనప సామాన్లూ అమ్మే రోడ్డే. వాటి మధ్యలోకే ఎలక్ట్రానిక్స్ అంగళ్లు వచ్చి చేరాయి. బోరు మోటర్‌కు పోయిన మనిషి పక్క అంగట్లో మదర్‌బోర్డు చూసి వచ్చేవాడు.

అసలు విడిభాగాలు ఇంత చవగ్గా రోడ్డు మీదికి ఎలా వచ్చాయి? హైదరాబాద్‌లో 1967లో పెట్టిన ఈసీఐఎల్ కాలంలో కంప్యూటర్ అంటే ప్రభుత్వం తయారుచేసి, ప్రభుత్వం కొనే వస్తువు. ఐబీఎం 1978లో దేశం విడిచి వెళ్లింది. 1984 నవంబర్‌లో, రాజీవ్ గాంధీ ప్రధాని అయిన కొద్ది రోజులకే, కొత్త కంప్యూటర్ విధానం వచ్చింది. విడిభాగాల దిగుమతి తేలికైంది, సుంకాలు తగ్గాయి. డబ్బా బయటి నుంచి తెచ్చుకోనక్కర్లేదు, లోపలివి తెచ్చి ఇక్కడే బిగించవచ్చు. ఇండియా 1997లో సమాచార సాంకేతిక ఒప్పందంలో చేరాక, ఆ సరుకుల మీద కస్టమ్స్ సుంకం మెట్లు దిగుతూ 2005 నాటికి సున్నాకు చేరింది. నెహ్రూ ప్లేస్, లామింగ్టన్ రోడ్, రిచీ స్ట్రీట్, ఎస్పీ రోడ్ - ఇవన్నీ బతికింది ఈ మెట్ల మీదే.

ఆ మెట్ల కింద ఒక కొత్త వృత్తి కూడా పుట్టింది. దానికి సరైన తెలుగు మాట ఎప్పుడూ రాలేదు. "అసెంబ్లింగ్ చేసేవాడు" అనేవాళ్లం. మా వైపు నాకు తెలిసిన ఇద్దరు ముగ్గురిలో ఒకాయన అంతకుముందు టీవీలు బాగుచేసేవాడు, ఒకాయన టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవాడు. శనివారం రాత్రి బస్సెక్కి, ఆదివారం ఎస్పీ రోడ్డు తిరిగి, నాలుగు కంప్యూటర్ల సామాను రెండు సంచుల్లో సర్దుకుని, హార్డ్ డిస్కులు మాత్రం ఒళ్లో పెట్టుకుని వచ్చేవాళ్లు. బ్రాండ్ కంపెనీ కంప్యూటర్ కంటే చాలా తక్కువకి, ఇంటికొచ్చి బిగించి, పాడైతే సైకిల్ మీద వచ్చి చూసిపోయే మనుషులు. వారంటీ కాగితం మీద బెంగళూరు అంగడి స్టాంపు ఉండేది, హామీ మాత్రం ఈ మనిషి ముఖమే.

*

ఆట నెమ్మదించడానికీ ఒక చరిత్ర ఉంది. అది తమాషాగా తలకిందులుగా మొదలైంది. 1981 నాటి ఐబీఎం పీసీ వేగం 4.77 మెగాహెర్ట్జ్. అప్పటి ఆటలు కొన్ని ఆ వేగాన్నే గడియారంగా పెట్టుకుని రాసినవి. తర్వాత వేగమైన మెషీన్లు వచ్చేసరికి అవే ఆటలు పిచ్చెక్కినట్టు పరిగెత్తేవి. అందుకే డబ్బాల మీద టర్బో అని ఒక బటన్ ఉండేది. పేరు టర్బో, ఉద్దేశం కంప్యూటర్‌ను నెమ్మది చెయ్యడం.

1993లో డూమ్ వచ్చాక నెమ్మదితనం అనే మాటకు ఇప్పటి అర్థం వచ్చింది. 386 ఉన్నవాడు స్క్రీన్‌ను తపాలా బిళ్లంత కుదించుకుని ఆడేవాడు, 486 ఉన్నవాడు నిండుగా ఆడేవాడు. 1996లో క్వేక్ వచ్చింది. సైరిక్స్ అనే కంపెనీ 6ఎక్స్86 అనే చిప్పు అమ్మేది. 133 మెగాహెర్ట్జ్‌లో నడిచేదాని పేరులో "166+" అని ఉండేది, 166 పెంటియమ్‌కు సమానమని అర్థం. ఉత్తరాలు, లెక్కలు, ఆఫీసు పనుల్లో అది అబద్ధం కాదు. కానీ క్వేక్ నడిచేది దశాంశాల లెక్కల మీద. ఆ లెక్కల్లో సైరిక్స్ బలహీనం. అంతే, పేరులో 166 ఉన్న డబ్బాలన్నీ ఆ ఒక్క ఆట ముందు చతికిలబడ్డాయి. పెట్టె మీది అంకె ఏ పని గురించి చెబుతోంది అన్న ప్రశ్న అప్పుడు మొదలైంది. ఇప్పటికీ తీరలేదు.

అదే ఏడాది త్రీడీఎఫ్ఎక్స్ వూడూ కార్డుతో ఆటల బొమ్మలు గీయడానికే ఒక వేరే చిప్పు అనే ఆలోచన జనంలోకి వచ్చింది. అక్కడి నుంచి ప్రపంచం రెండుగా చీలిందని నాకనిపిస్తుంది. ఒక వైపు ఏటేటా కొత్త కార్డులు. ఇంకో వైపు 1999లో ఇంటెల్ తెచ్చిన 810 చిప్‌సెట్. బొమ్మలు గీసే పని బోర్డులోనే కలిపేశారు, ఖర్చు తగ్గించారు, ఏజీపీ స్లాట్ అసలు ఇవ్వలేదు. కార్డు లేకపోవడం కాదు, కార్డు పెట్టే చోటే లేకపోవడం. ఆఫీసుకూ బడికీ అది సరిపోయేది. అలాంటి బోర్డులో గ్రాఫిక్స్‌కు సొంత మెమొరీ ఉండదు, ర్యామ్‌లోంచే వాడుకుంటుంది. మా ఊరి భాషలో చెప్పాలంటే ఒకే బోరు కింద రెండు మళ్లు. ఈ మడికి నీళ్లు తిప్పితే ఆ మడి ఎండుతుంది.

ఈ రెండో రకం బోర్డులే మా ఇళ్లలోకి వచ్చాయి. చవక కాబట్టి అని ఎవరైనా చెప్తారు. అది సగమే. మిగతా సగం కారణం మా ఇళ్లలో ఉంది.

*

2003 ఎండాకాలం. నేను ఎంసెట్ రాసి ఖాళీగా ఉన్నాను. "ఇంజనీరింగ్‌లో చేరితే కంప్యూటర్ కావాల నాయనా, సి లాంగ్వేజీ నేర్చుకోవాల" అన్నాను. ఇందులో అబద్ధం లేదు. కానీ నేను కలలు కంటున్నది సి లాంగ్వేజీ గురించి కాదు. హిందూపురంలో ఒక స్నేహితుడింట్లో ప్రాజెక్ట్ ఐజీఐ ఆడి వచ్చాను. వైస్ సిటీ కొత్తగా కంప్యూటర్‌కు వచ్చిందనీ, బెంగళూరులో కాపీ సీడీలు దొరుకుతున్నాయనీ విన్నాను.

ఆ రోజుల్లో మడకశిర లాంటి చోట ఏ ఇంట్లోనైనా కంప్యూటర్ కొన్నారంటే చదువు పేరు మీదే. టీవీని సరదాకని ఒప్పుకుని కొన్నారు, టేప్ రికార్డర్‌నూ అంతే. ఒక్క కంప్యూటర్‌కే ఉద్యోగం అనే ముసుగు తప్పనిసరైంది. అమెరికా వెళ్లిన ఎవరో బంధువు, పేపర్లో హైటెక్ సిటీ, బస్టాండులో కంప్యూటర్ కోర్సుల బోర్డులు, అన్నీ కలిసి దాన్ని సరస్వతీదేవిని చేశాయి. దాని ముందు ఆటల మాట ఎత్తడం పూజగదిలో పేకముక్కలు తీసినట్టే.

నాయన గూళ్లు అమ్మడానికి హిందూపురం మార్కెట్‌కు పోయిన రోజే నన్నూ తీసుకెళ్లాడు. గూళ్ల మార్కెట్ నాకు బాగా గుర్తు. కొనేవాళ్లు గంపలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసి, చెవి దగ్గర ఊపి చూసేవాళ్లు. తూకం ఒక్కటే చూసి రేటు కట్టేవాడు ఆ మార్కెట్లో ఒక్కడూ లేడు. ఎన్ని కిలోల గూళ్లకు కిలో పట్టు దిగుతుంది అన్నదే అసలు లెక్క. ఆ విద్య ముప్పై ఏళ్లుగా తెలిసిన మా నాయన, డబ్బు తీసుకుని నేరుగా కంప్యూటర్ అంగడికి వచ్చి, కొటేషన్ చేతిలోకి తీసుకుని, గిగాహెర్ట్జ్ ఎంత అని మాత్రమే అడిగాడు. 2 అన్నాడాయన. "మంచిదే కదా" అన్నాడు నాయన.

ఆ అసెంబ్లింగ్ చేసే ఆయన నా వైపు చూశాడు. బోర్డులు రెండు రకాలు రాశాను అన్నాడు. ఒకటి మామూలుది. రెండోది స్లాట్ ఉన్నది, దానితో 32 ఎంబీ కార్డు, తేడా 3,400. "గేమ్స్ ఆడుకునేట్టయితే ఇది కావాల."

నాయన నన్నడిగాడు, "ఆడుకుంటావా?"

నేను లేదన్నాను. ఆయన పెన్ను తీసి రెండో లైను కొట్టేశాడు.

వైస్ సిటీ సీడీ పెట్టె మీద 32 ఎంబీ వీడియో మెమొరీ కావాలని రాసి ఉంటుంది. నాకు దొరికిన కాపీ సీడీకి పెట్టే లేదు, ప్లాస్టిక్ కవర్ ఒకటి. ఇన్‌స్టాల్ అయింది, మొదలైంది. నడిచింది అనలేను. బైకు మలుపు తిరుగుతుంటే మూడు బొమ్మల్లో తిరిగేది. నాలుగు పోలీసు కార్లు చేరితే అంతా ఆగిపోయేది. రెండు నెలలు అవస్థపడి నాయనతో నేను చెప్పిన మాట ఇది: "కంప్యూటర్ స్లోగా ఉంది." ఏం చేస్తుంటే స్లోగా ఉంది అని ఆయన అడగలేదు. నేను చెప్పలేదు.

కొన్నప్పుడు 2,500 బాకీ పెట్టాం, తర్వాతి పంటకు ఇస్తామని. ఆ డబ్బు ఇవ్వాల్సిన రోజు నాయన అంగట్లో నిలబడి, పాత సామాను వేసి మోసం చేశావు, ఒక్క పైసా ఇవ్వను అన్నాడు. ఇంకా అన్నాడు. అంగట్లో మరో ఇద్దరు కొనుక్కునేవాళ్లున్నారు. ఆయన గొంతు పెంచలేదు. "ఏం చేస్తుంటే స్లో అయితా ఉందో చెప్పు బాబూ" అని నన్నడిగాడు. నేను నేల చూశాను. "సరే లెండి, వదిలేయండి" అన్నాడాయన.

*

ఈసారి ఆదివారం నేను ఎస్పీ రోడ్డుకు పోలేదు, మడకశిరకే పోయాను. మధ్యాహ్నం రెండు గంటలు, ఎండ మండిపోతోంది. అక్క మజ్జిగ ఇచ్చింది. మేనల్లుడు గదిలోకి తీసుకెళ్లాడు. మొదట చూసింది కంప్యూటర్‌ను కాదు, దాని కింద ఉన్న బల్లను.

అది నా బల్ల. 2003లో మా వీధి వడ్రంగి చేసింది. ప్లైవుడ్ మీద సన్మైకా, కీబోర్డుకు లాగుడు పలక, కుడివైపు కింద డబ్బా పెట్టడానికి అర. నాయన ఆ అరకు తలుపు పెట్టించాడు, తలుపుకు తాళం పెట్టించాడు. పరీక్షలప్పుడు డబ్బా బటన్ నాకు అందకూడదని. వెనక పలకలో వైర్లు పోవడానికి పిడికిలంత కంత మాత్రం ఉంటుంది. నాయన పోయాక సామాన్లు పంచుకున్నప్పుడు బల్ల అక్క ఇంటికి వచ్చింది. తాళం ఎప్పుడో పోయింది. తలుపు మాత్రం దుమ్ము పోకుండా మూసే ఉంచాలని అక్క హుకుం.

"డబ్బా ఇందులోనే పెడతావా?"

"అవును మామా. ఇంకెక్కడ?"

"ఆ రోజు వీడియో కాల్‌లో?"

వాడు ఒక్క క్షణం ఆగి, మంచం వైపు చూశాడు.

ఉష్ణోగ్రత చూపించే సాఫ్ట్‌వేర్ వేసి, తలుపు మూసి, ఆట పెట్టాం. ఐదు నిమిషాలకు ప్రాసెసర్ 80 దాటింది, తొమ్మిదికి 95. అక్కడి నుంచి వేడి పెరగలేదు, వేగం పడిపోవడం మొదలైంది. 60, 41, 22. తలుపు తీశాం, డబ్బా బయట పెట్టాం, మిగతా ఏదీ ముట్టుకోలేదు. కాసేపు చల్లారనిచ్చి మళ్లీ అదే ఆట, అదే వీధి. అరగంటైనా 60 దగ్గరే. వేడి 74. ఇంకోసారి లోపల పెట్టాం, ఇంకోసారి పడిపోయింది. ఈసారి ఒకసారికి ఒక్కటే మార్చాం.

ఇలా వేగం తగ్గించుకోవడం యంత్రం లోపం కాదు, అది తనను కాపాడుకుంటున్న తీరు. 2001లో టామ్స్ హార్డ్‌వేర్ వాళ్లు ఒక వీడియో తీశారు. ఆట నడుస్తుండగా ప్రాసెసర్ మీది హీట్ సింక్ పెరికేశారు. ఏఎండీ అథ్లాన్ క్షణాల్లో పొగలు కక్కి చచ్చిపోయింది. పెంటియమ్ 4 మాత్రం ఆటను బాగా నెమ్మది చేసి బతికింది. హీట్ సింక్ తిరిగి పెడితే మళ్లీ పరిగెత్తింది. ఆ తర్వాతి కాలంలో చిప్పులన్నీ ఈ బుద్ధి నేర్చుకున్నాయి. అంతకుముందైతే మావాడి చిప్పు మొదటి వారమే కాలిపోయి ఉండేది. కాలకుండా ఉండబట్టే ఎవరికీ జబ్బేంటో తెలీలేదు.

బావకు ఇదంతా చెప్పడానికి నేను తంటాలు పడుతుంటే ఆయనే పట్టుకున్నాడు. పురుగులు నాలుగో జ్వరం దాటాక షెడ్డు తలుపులు బిగించి పెడతారా ఎవరైనా అన్నాను. "సస్తాయి" అన్నాడు. తర్వాత బల్ల చుట్టూ తిరిగి చూశాడు. చెయ్యి లోపల పెట్టి చూశాడు, వేడి ఇంకా ఉంది. "దీన్ని చేయించిందెవరు?" అన్నాడు.

"నాయన."

"దేనికి, తలుపు?"

"నేను ఆటలు ఆడకుండా."

స్క్రూ డ్రైవర్ తెచ్చాడు. వెనక పలక ఊడదీయడానికి సొరుగు బయటికి లాగాల్సి వచ్చింది. సొరుగులో అడుగున పరిచిన పాత పేపరు, దాని కింద కొన్ని ఫ్లాపీలు, నా ఎంసెట్ హాల్ టికెట్ జెరాక్సు, నాలుగు మడతల కాగితం. అంగడి ప్యాడ్ మీద చేత్తో రాసిన కొటేషన్. ప్రాసెసర్, 128 ఎంబీ ర్యామ్, 40 జీబీ హార్డ్ డిస్క్, 15 అంగుళాల మానిటర్, స్పీకర్లు. మదర్‌బోర్డు దగ్గర రెండు లైన్లు. రెండోదాని మీద నాయన పెన్ను గీత, పక్కన ఆ అసెంబ్లింగ్ ఆయన చేతిరాతలో బ్రాకెట్‌లో "గేమ్స్‌కు". కింద మొత్తం 27,500. అడ్వాన్సు 25,000. బాకీ 2,500.

ఆ అంగడి ఇప్పుడు లేదు. వచ్చేదారిలో హిందూపురంలో దిగి చూశాను. అక్కడ మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. పక్కనున్న హోటలాయనకు అలాంటి మనిషి ఒకాయన ఉండేవాడని గుర్తుంది, పేరు గుర్తులేదు. బెంగళూరు పోయాడన్నాడు. బెంగళూరులో ఎక్కడని అడుగుతాం? విడిభాగాలు నేరుగా ఇంటికొచ్చి, పిల్లలే వీడియోలు చూసి బిగించుకునే రోజుల్లో ఆ మధ్యమనిషి పనే లేకుండా పోయింది. పనితోపాటు, జబ్బేంటో ఇంటికొచ్చి చెప్పే మనిషీ పోయాడు.

బావ కొటేషన్ నా చేతిలోంచి తీసుకుని కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు. కొట్టేసిన లైను దగ్గర వేలు పెట్టాడు.

"ఇప్పుడు మనం కొన్నదాంట్లో ఇది ఉందా?"

"ఉంది బావా. పద్దెనిమిది వేలదీ అదే."

"సదువుకు కావాలన్నాడే, నాకు?"

మేనల్లుడు నా వైపు చూశాడు. వాడి చూపు నాకు తెలుసు. "ఆటలకు కూడా బావా" అన్నాను. "ఎక్కువ ఆటలకే."

బావ కాగితం మడిచి నాకిచ్చేశాడు. "నాకు తెల్దా" అని, స్క్రూ డ్రైవర్ తీసుకుని రెండో స్క్రూ పట్టుకున్నాడు. "ఆ పక్క పట్టుకో రా. తలుపు కూడా తీసేద్దాం."